దొడ్డిదారిని పట్టే చేయి

ఈసీజీ కాగితం మీద ఒక చిన్న గడి అంటే 40 మిల్లీసెకన్లు. గుండె పై గదులైన కర్ణికల్లో మొదలైన విద్యుత్ తరంగం కింది గదులైన జఠరికలకు అందడానికి మామూలుగా మూడు నుంచి అయిదు గళ్ల సమయం పడుతుంది. కొద్దిమందిలో ఈ ఎడం మూడు గళ్లు కూడా నిండదు. పైగా, ఒక్క ఊపున నిటారుగా లేవాల్సిన గీత మొదట కాస్త ఏటవాలుగా సాగి, ఆ తర్వాత లేస్తుంది. ఆ ఏటవాలు ముక్కను డెల్టా తరంగం అంటారు. తొందరలో ఉన్న కన్ను దాన్ని దాటి వెళ్లిపోతుంది. అనుభవం పండిన కన్ను అక్కడే ఆగుతుంది. గుండె లయ తప్పే జబ్బులను పట్టి నయం చేసే ఎలక్ట్రోఫిజియాలజిస్టుల పనితనం గురించి చెప్పాలంటే ఈ గీత దగ్గరే మొదలుపెట్టాలని నాకనిపిస్తుంది. ఇంత చిన్న ఆనవాలుతో మొదలై ఇంత కచ్చితమైన చికిత్స దాకా వెళ్లిన దారి వైద్యంలో మరొకటి నాకు కనబడలేదు.

1930లో బోస్టన్ డాక్టర్లు లూయీ వుల్ఫ్, పాల్ డడ్లీ వైట్, లండన్ డాక్టర్ జాన్ పార్కిన్సన్ కలిసి ఇలాంటి ఈసీజీలున్న 11 మంది గురించి రాశారు. ఆరోగ్యంగా ఉన్న మనుషులే, కాకపోతే ఉండుండి గుండె దడదడలాడేది. ఆ ముగ్గురి పేర్ల మీదే దీన్ని వుల్ఫ్-పార్కిన్సన్-వైట్ సిండ్రోమ్ అంటున్నారు. ఆసుపత్రి మాటల్లో డబ్ల్యూపీడబ్ల్యూ.

లోపల జరిగేది ఇది. కర్ణికలకూ జఠరికలకూ మధ్య కవాటాల చుట్టూ నారపోగుల వలయాలుంటాయి. అవి విద్యుత్తును దాటనివ్వవు. దాటడానికి ఒక్కటే దారి, ఏవీ నోడ్. జర్మనీలోని మార్‌బుర్గ్‌లో పనిచేసిన జపాన్ శాస్త్రవేత్త సునావో తవారా 1906లో దాన్ని వర్ణించాడు. నోడ్ తన దగ్గరికొచ్చిన తరంగాన్ని కాసేపు నిలిపి పంపుతుంది. ఆ ఆలస్యంలోనే జఠరికలు రక్తంతో పూర్తిగా నిండుతాయి. డబ్ల్యూపీడబ్ల్యూ ఉన్నవాళ్లలో పిండదశలోనే మాయం కావలసిన ఒక సన్నని కండరపోగు వలయానికి అడ్డంగా మిగిలిపోతుంది. చెరువు కట్టకు తూము ఉండగా పక్కనే ఎలుక బొరియ పడినట్టు. తూము దగ్గర నీటిని ఆపే తలుపు ఉంటుంది, బొరియకు ఉండదు. ఈ దొడ్డిదారిన ముందే చేరిన తరంగం జఠరికలో ఒక మూలను తొందరపడి కదిలిస్తుంది. డెల్టా తరంగం ఆ తొందరపాటు రాసిన గీత.

వీళ్లలో చాలామందికి ప్రాణం మీదికి రాదు, ఆ మాట ముందే చెప్పాలి. ఎక్కువమందికి వచ్చేది గిరగిర తిరిగే దడ. తరంగం నోడ్ గుండా కిందికి దిగి, దొడ్డిదారిన పైకెక్కి, మళ్లీ నోడ్‌లోకి దిగుతూ నిమిషానికి 200 సార్ల దాకా తిరుగుతుంది. భయపడాల్సింది ఇంకోదానికి. కర్ణికలు లయ పూర్తిగా తప్పి కంపించడం మొదలుపెడితే (దాన్ని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు) మామూలు మనిషిలో నోడ్ ఆ తుఫానును వడగట్టి కొంతే కిందికి వదులుతుంది. దొడ్డిదారికి ఆ వడపోత తెలియదు. జఠరికలు నిమిషానికి 250, 300 సార్లు కొట్టుకోవచ్చు, అక్కడినుంచి అవి కూడా కంపించడం మొదలై గుండె ఆగిపోవచ్చు.

ఎమర్జెన్సీలో ఆ ఈసీజీని చదవడం ఒక పరీక్ష. గీతలు వెడల్పుగా, వేగంగా ఉంటాయి. ఎడాలు మాత్రం ఒకదానికొకటి పొంతన లేకుండా ఉంటాయి. కొన్ని ఎడాలు ఆరు చిన్న గళ్లకు, అంటే 240 మిల్లీసెకన్లకు, అటూ ఇటూగా కుదించుకుపోతాయి. ఇక్కడ అలవాటు కొద్దీ వెరాపమిల్ అనే మందు ఎక్కిస్తే అది నోడ్ దారిని మూస్తుంది, బీపీని పడేస్తుంది. దొడ్డిదారిని మాత్రం మూయదు. మంచి డాక్టరు ఆ వెడల్పును, వేగాన్ని, ఆ పొంతన లేని ఎడాలను కలిపి చదివి ఆ సిరంజిని పక్కన పెడతాడు. బీపీ పడిపోతుంటే షాక్ ఇచ్చి లయను మళ్లిస్తాడు. ఏం చేయకూడదో తెలిసి ఆగిన ఆ చేతిని మెచ్చుకోవాలి. ఆ క్షణంలో ప్రాణం నిలబెట్టేది అదే.

తర్వాతి ప్రశ్న: ఆ పోగు ఎక్కడుంది? వలయం చుట్టూ ఎక్కడైనా ఉండవచ్చు, వెడల్పు చూస్తే ఒకటి రెండు మిల్లీమీటర్లు. చుట్టూ ఉన్న కండకూ దానికీ తేడా కంటికి కనబడదు. 1967లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో హోవర్డ్ బర్చెల్ బృందం, గుండెలో రంధ్రం మూసే ఆపరేషన్‌లో, జఠరిక అన్నిటికంటే ముందు కదిలే చోటును వెతికి అక్కడ ప్రొకేన్ మత్తుమందు ఎక్కించింది. తొందరపాటు కాసేపు మాయమైంది. కత్తి పెట్టకముందే, తిరిగి వెనక్కి తీసుకోగల ఒక చిన్న పనితో తమ అనుమానాన్ని సరిచూసుకున్నారన్నమాట. మరుసటి ఏడు డర్హమ్‌లోని డ్యూక్ యూనివర్సిటీలో విల్ సీలీ, నార్త్ కరొలైనా తీరానికి చెందిన 32 ఏళ్ల జాలరి గుండె కుడివైపున ఆ పోగును కోసి తెంచాడు. మందులకు లొంగని దడ ఆ మనిషిది. కోత తర్వాత డెల్టా తరంగం పోయింది.

అదే 1967లో ఆమ్‌స్టర్‌డామ్‌లో డిర్క్ డ్యురర్ బృందం మరో దారి తెరిచింది, పారిస్‌లో ఫిలిప్ కూమెల్ విడిగా అదే పని చేశాడు. సిరలోంచి గుండెలోకి తీగ పంపి, సరిగ్గా లెక్కగట్టిన క్షణంలో ఒక అదనపు కొట్టు వేస్తే దడ మొదలవుతుంది. మరో క్షణంలో వేస్తే ఆగిపోతుంది. ఎప్పుడొస్తుందో తెలియని జబ్బును డాక్టరు తన ఎదుటికి పిలిపించుకుని, చూసి, పంపించేయగలిగాడు. 1972లో డ్యురర్ శిష్యుడు హైన్ వెల్లెన్స్ జఠరికల్లోనే పుట్టే దడను కూడా ఇలాగే రప్పించి ఆపి చూపించాడు. నన్నడిగితే ఈ విద్యకు అసలు పుట్టుక ఇక్కడే. గుండెను ప్రశ్నించడం అప్పుడే మొదలైంది.

ఎలక్ట్రోఫిజియాలజీ (ఈపీ) ల్యాబులో నేడు ఆ ప్రశ్న వేసే తీరు దగ్గర నిలిచి చూడదగ్గది. గజ్జ దగ్గర సిరలోంచి రెండు మిల్లీమీటర్ల మందం తీగలు, అంటే క్యాథెటర్లు, పైకి వెళతాయి. ఒకటి కుడి కర్ణికలో, ఒకటి కుడి జఠరికలో, ఒకటి ఎడమ వలయం వెంట సాగే కరొనరీ సైనస్ అనే సిరలో. మరొకటి నోడ్ కిందనున్న హిస్ బండిల్ మీద. 1969లో బెంజమిన్ షెర్లాగ్ క్యాథెటర్‌తో హిస్ సంకేతాన్ని నమోదు చేయడం చూపించాకే ఈ విద్యకు ఒక కొలబద్ద దొరికింది. తెర మీద కర్ణిక గీతకూ జఠరిక గీతకూ మధ్య పొడుచుకొచ్చిన ఒక పుల్లంత గీత అది. దాన్ని స్థిరంగా నిలబెట్టి ఉంచడమే ఒక నేర్పు, ఒక్క మిల్లీమీటరు జరిగితే చెదిరిపోతుంది.

ఇప్పుడు దడ నడుస్తోంది. కర్ణిక, హిస్, జఠరిక, మళ్లీ కర్ణిక. తరంగం పైకి నోడ్ గుండానే వెళుతోందా, లేక దొడ్డిదారి ఉందా? తెర మీద రెండూ ఒకేలా కనిపించవచ్చు. డాక్టరు జఠరికలో ఒక కొట్టు వేస్తాడు, కాని ఎప్పుడు పడితే అప్పుడు కాదు. హిస్ తన వంతు ఇప్పుడే పూర్తిచేసి ఇంకా తేరుకోని క్షణంలో వేస్తాడు. ఆ కొద్ది మిల్లీసెకన్లలో మామూలు దారి పైకి ఏదీ పోనివ్వదు. అయినా తర్వాతి కర్ణిక గీత అనుకున్నదానికంటే ముందుగా వస్తే? నోడ్ దారి మూసి ఉండగా కబురు పైకి చేరిందంటే ఇంకో దారి ఉన్నట్టే. ఒకవేళ ఆ కొట్టు కర్ణికను చేరకుండానే దడ ఆగిపోతే మరీ మంచిది. ఆ దారి ఉండడమే కాదు, దడ తిరుగుతున్నది దాని మీదే అని కూడా తేలిపోయింది.

ఈ పరీక్షను నేను ఇంతగా ఇష్టపడడానికి దాని నిజాయితీ కూడా కారణం. జవాబు రాకపోతే దారి లేదని అది చెప్పదు. కొట్టు వేసింది కుడివైపు, పోగు ఎడమ అంచున దూరంగా ఉంటే ఆ కొట్టు సమయానికి అక్కడికి చేరలేకపోవచ్చు. కాబట్టి చేయితిరిగిన డాక్టరు మౌనాన్ని 'లేదు' అని రాసుకోడు. కొట్టు వేసే చోటు మార్చి మళ్లీ అడుగుతాడు.

కూమెల్ గమనించిన మరో సంగతి ఇంకా అందమైనది. దడ మధ్యలో ఒక్కోసారి హిస్ బండిల్ నుంచి జఠరికలకు వెళ్లే రెండు కొమ్మల్లో ఒకటి దానంతట అదే మూసుకుపోతుంది. పోగు ఎడమవైపు ఉండి, మూసుకున్నదీ ఎడమ కొమ్మే అయితే తరంగం కుడినుంచి గోడ దాటి ఎడమకు చుట్టుతిరిగి రావాలి, దాంతో దడ వేగం తగ్గుతుంది. అదే కుడి కొమ్మ మూసుకుంటే ఏ మార్పూ ఉండదు. అంటే మామూలు ఈసీజీ కాగితం మీదే, తీగ ఒక్కటీ లోపలికి పంపకుండా, పోగు ఏ వైపుందో చెప్పేయవచ్చు. రెండు కొట్ల మధ్య ఎడం ఒక గడి పెరిగిందని గమనించే ఓపిక ఉంటే చాలు.

వైపు తెలిశాక చోటు. పోగును వేడితో కాల్చడానికి 4 మిల్లీమీటర్ల లోహపు మొన ఉన్న అబ్లేషన్ క్యాథెటర్‌ను వలయం వెంట నెమ్మదిగా జరుపుతారు. వెతికేది, జఠరిక సంకేతం డెల్టా తరంగం కంటే ముందే మొదలయ్యే చోటు, కర్ణిక గీతా జఠరిక గీతా ఒకదానికొకటి అతుక్కుపోయినట్టుండే చోటు. కొట్టుకుంటున్న గుండెలో, ఊపిరి తీసిన ప్రతిసారీ కదిలే గోడకు మొన ఆనించి పట్టుకోవాలి. గట్టిగా నొక్కితే గోడకు ప్రమాదం, వదులుగా పట్టుకుంటే వేడి అంటదు. వేళ్ల కొసలతో క్యాథెటర్‌ను పాతిక డిగ్రీలు తిప్పడం, వెంట్రుకవాసి వెనక్కి లాగడం, ఇది పుస్తకం నేర్పేది కాదు. గురువు పక్కన నిలబడి నేర్చుకునేది.

చోటు దొరికాక రేడియోఫ్రీక్వెన్సీ విద్యుత్తు పంపుతారు. కణజాలం సుమారు 50 డిగ్రీల సెల్సియస్ దాటితే ఆ పోగు శాశ్వతంగా పనిమానేస్తుంది. చోటు సరైనదైతే కొద్ది సెకన్లలోనే తెర మీద డెల్టా తరంగం తొలగి గీత నిటారుగా లేస్తుంది. పదీ పదిహేను సెకన్లయినా మార్పు లేకపోతే మంచి డాక్టరు వేడి పెంచుకుంటూ పోడు, ఆపి, చోటు మార్చుకుంటాడు. 1982లో క్యాథెటర్‌తో కాల్చే పద్ధతి మొదలైనప్పుడు వాడింది పెద్ద డీసీ షాకులు. అదుపుకు లొంగని ఆ మొరటు శక్తి స్థానంలో ఈ చిన్న వేడి వచ్చాక పని తీరే మారిపోయింది. 1991లో ఓక్లహామాలో వారెన్ జాక్‌మన్ బృందం ఇలా చికిత్స చేసిన 166 మందిలో 164 మందికి దొడ్డిదారి మూసుకుపోయింది. ఛాతీ తెరిచి చేసే ఆపరేషన్ అవసరం ఆ తర్వాత దాదాపుగా లేకుండా పోయింది.

మూసుకుపోయింది కదా అని వెంటనే తీగలు తీసేయరు. కాసేపు ఆగుతారు, చుట్టూ ఉబ్బిన కణజాలం నెమ్మదిస్తే పోగు మళ్లీ లేవవచ్చు కాబట్టి. తర్వాత అడెనోసిన్ అనే మందు ఇచ్చి నోడ్‌ను కొన్ని సెకన్లు మూస్తారు. అప్పుడు పైనుంచి కిందికి ఏమీ దిగకపోతే దొడ్డిదారి నిజంగానే మూసుకున్నట్టు.

అన్నిటికంటే కష్టమైన నిర్ణయం పోగు హిస్ బండిల్ పక్కనే ఉన్నప్పుడు. కొద్ది మిల్లీమీటర్లు పక్కకు పోతే అసలు దారే కాలిపోయి, రోగి జీవితాంతం పేస్‌మేకర్ మీద బతకాలి. అక్కడ కొందరు వేడికి బదులు చలిని వాడతారు. ముందు కొద్దిగా చల్లబరిచి చూస్తారు, అసలు దారి మందగిస్తే ఆపేస్తారు, అది తిరిగి తేరుకుంటుంది. బర్చెల్ ప్రొకేన్ వెనకున్న ఆలోచనే ఇది. పోగు నెమ్మదైనదనీ ప్రాణాపాయం లేదనీ పరీక్షలో తేలితే, ముట్టుకోకుండా వెనక్కి వచ్చేసేవాళ్లూ ఉన్నారు. ల్యాబు దాకా వెళ్లి ఏమీ చేయకుండా రావడానికి ధైర్యం కావాలి. ఇంటివాళ్లకు దాన్ని వివరించడానికి ఇంకా ఎక్కువ కావాలి.

ఈ ప్రశ్నించే గుణం తీగలతోనే ఆగదనడానికి మన హైదరాబాదే సాక్ష్యం. జఠరికల్లో పుట్టే దడ (వీటీ) గుండె పంపింగ్ బాగానే ఉన్న మనుషులకు ఎందుకొస్తోందని కేర్ ఆసుపత్రిలో డాక్టర్ సి. నరసింహన్ బృందం ఆరా తీసింది. గుండెలో దడ పుట్టే చోటును కాల్చి ఊరుకోకుండా ఛాతీ మధ్య గ్రంథులను స్కాన్‌లో చూసింది. ఉబ్బిన గ్రంథుల నుంచి ముక్క తీసి పరీక్షిస్తే గ్రాన్యులోమాలనే వాపు కణాల ముద్దలు కనబడ్డాయి. కొందరిలో మూలం క్షయ, కొందరిలో సార్కాయిడోసిస్. 2011లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ కార్డియాలజీ జర్నల్‌లో వాళ్లు దీన్ని ప్రచురించారు. క్షయ మన ఊళ్లల్లో ఎంత మామూలో తెలిసిన డాక్టర్లకే తట్టే ప్రశ్న అది. ఇలాంటి రోగికి లయను అదుపు చేసే మందులతో పాటు, కారణాన్నిబట్టి క్షయ మందులో స్టెరాయిడ్లో నెలల తరబడి ఇస్తారు. ప్రమాదం ఎక్కువగా ఉంటే ఛాతీలో డీఫిబ్రిలేటర్ అమరుస్తారు.