రెండు కౌంట్లు

చిలకలూరిపేటలో ‘కౌంటు’ అన్న మాటకు రెండు అర్థాలు. గణపవరం నూలు మిల్లుల్లో అది దారం సన్నదనం. అంకె పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. వానాకాలం జ్వరాలప్పుడు ల్యాబుల ముందు వినిపించేది ప్లేట్‌లెట్ల కౌంటు. మిల్లులో కౌంటు ఒక్కటే చూసి దారం గట్టిదనం ఎవరూ తేల్చరు, దానికి వేరే పరీక్ష ఉంది. నెత్తురు దగ్గరికొచ్చేసరికి మాత్రం అంకే సర్వస్వం. బొప్పాయి ఆకు రసానికి గిరాకీ అంతా దాని చలవే! ఆ అంకె ఎంత తక్కువ చెబుతుందో పురిటిబిడ్డ నెత్తురులో చూడాలి.

గర్భంలో ఐదారు వారాలకే ప్లేట్‌లెట్లు కనిపిస్తాయి. ఐదో నెల దాటేసరికి కౌంటు పెద్దవాళ్ల మామూలు స్థాయిని అందుకుంటుంది. అంకెలో పెద్దవాళ్లతో సమానమే, పనిలో కాదు. రక్తనాళం తెగినప్పుడు త్రాంబిన్, ఏడీపీ, కొల్లాజెన్ లాంటి పదార్థాలు కేకేస్తే పెద్దవాళ్ల ప్లేట్‌లెట్లు పరుగున వస్తాయి, పసివాళ్లవి మందకొడిగా పలుకుతాయి. నెలలు నిండనివాళ్లవి మరీను. అలాగైతే ప్రతి బిడ్డకూ నెత్తురు ఆగకుండా కారాలి కదా? నెలలు నిండి పుట్టిన బిడ్డకు పెద్దవాళ్లకంటే త్వరగానే ఆగుతుంది. ఆ నెత్తురులో ఎర్రకణాలు ఎక్కువ, అవి ప్లేట్‌లెట్లను నాళం గోడవైపు నెడతాయి. గోడకు అతికించే వాన్ విల్లిబ్రాండ్ ప్రోటీన్ కూడా ఎక్కువే, దాని గొలుసులు పొడుగు. నెమ్మది ప్లేట్‌లెట్లకు జిగురెక్కువ నెత్తురు సరిజోడు. పుట్టాక పది, పద్నాలుగు రోజుల్లో వాటి చురుకు చాలావరకు పెరుగుతుంది. అందుకే దీన్ని లోపమనడం నాకు ఒప్పుగా తోచదు.

నెలలు నిండని బిడ్డలకు మెదడులో రక్తస్రావం అవుతుంది, కౌంటు పడిపోయినప్పుడు ముందే ప్లేట్‌లెట్లు ఎక్కిస్తే మంచిది కదా అని అడగవచ్చు. సబబైన ప్రశ్నే. బ్రిటన్, ఐర్లాండ్, నెదర్లాండ్స్‌లలో 660 మంది అలాంటి బిడ్డలపై జరిపిన ప్లానెట్-2 పరీక్ష 2019లో దానికి జవాబిచ్చింది. కౌంటు 50 వేలకు తగ్గగానే ఎక్కించిన వర్గంలో 26 శాతం మంది 28 రోజుల్లోపు చనిపోవడమో, పెద్ద రక్తస్రావానికి గురికావడమో జరిగింది. 25 వేల దాకా ఆగిన వర్గంలో అది 19 శాతమే. దాతలు పెద్దవాళ్లు, వాళ్ల చురుకైన ప్లేట్‌లెట్లు పడేది నెమ్మదివాటికి కుదిరిన నెత్తురులో. పసివాళ్ల నెత్తురుకు వాటిని కలిపితే గడ్డకట్టే సమయం తగ్గడం ప్రయోగశాలలో చూశారు. హానికి ఇదొక్కటే కారణమని చెప్పలేం, చిన్న గుండె మీద పడే అదనపు ద్రవం బరువూ కావచ్చు. ఎక్కించడమే తప్పనీ కాదు. నెత్తురు కారుతున్న బిడ్డ సంగతి వేరు, ఆ పరీక్షలో రెండో వర్గానికీ 25 వేల దగ్గర ఎక్కించారు. రక్తస్రావం లేని బిడ్డకు 40 వేలుంటే ‘ఇంకా ఎక్కించరేం?’ అని అద్దాల గది బయట నాయనమ్మ నిలదీస్తుంది. ‘చూస్తున్నామమ్మా’ అనే డాక్టరు ఆ పూట చేస్తున్నది వైద్యమే.