కారు మేనిపై ఆకాశము

మనుష్యుని ముఖమును ఛాయాచిత్రమున నిలుపగోరువాడు ఆ ముఖముపై బడు వెలుగును చూచుకొనిన చాలును. కాని కారును తీయబూనినవాడు, మెరుగెక్కిన దాని రంగుపూతలో ప్రతిఫలించు ఆకాశమును, నేలను, చెట్లను, గోడలను, తుదకు తన్నును గూడ తాను తీయుచున్నానని గ్రహించునంతవరకు మంచి చిత్రమును తీయజాలడు. కారు ఒంపులు తిరిగిన అద్దము. ఈ యొక్క మాట మనసునకు పట్టెనా, తక్కిన విద్య దానివెంట నడచివచ్చును. పట్టనివాడు ఎన్ని దీపములు తెచ్చి నిలిపినను, అవియు ఆ యద్దములో మఱికొన్ని మచ్చలై కానవచ్చును.

రాజమహేంద్రవరములో మా బంధువులకు ఒక నల్లని అంబాసిడర్ కారుండెడిది. దానిని నేను తొలుత మిట్టమధ్యాహ్నము ఇంటి ముంగిటనే నిలిపి తీసితిని. బానెట్టుపై సూర్యుడు కన్ను చెదరు చుక్కయై నిలిచెను. తలుపులపై కరెంటు తీగలు, ఎదురింటి పిట్టగోడ, నా తెల్లచొక్కా స్పష్టముగా అచ్చుపడెను. చక్రముల నడుమ నీడ బొగ్గువలె నుండెను. కారు ఆకారము మాత్రము చిత్రములో లేదు. మఱునాటి సాయంకాలము అదే కారును గోదావరి గట్టుమీద, నది వెంబడి నిలిపించి, నేను ముదురు రంగు చొక్కా తొడిగికొని, రేవు మెట్లు రెండు దిగి కూర్చుంటిని. ఆ నగరము గోదావరికి తూర్పుగట్టున నున్నది. సూర్యుడు ఆవల కొవ్వూరు వైపున గ్రుంకును. గ్రుంకిన కొన్ని నిమిషములకు, నారింజవన్నెతో మొదలై పైకి పోనుపోను ఊదావన్నెకు మారు పడమటి యాకాశమంతయు కారు ప్రక్కపై వాలినది. ఆవలిగట్టు చెట్లవరుస, ముందు తలుపు మొదలు వెనుక మడ్‌గార్డు వరకు సన్నని నల్లని గీతయై సాగినది. తలుపు ఉబ్బినచోట ఆ గీత వంగెను. వెనుక తలుపుపై ఎన్నడో పడిన సొట్ట వద్ద తునిగి మరల కలిసెను. పగటివేళ ఆ సొట్ట నా కంటబడనే లేదు. ఇనుప రేకును మలచినవాని చేతిపని ఎట్టిదో నాకు ఆ గీతయే చెప్పినది.

1950ల నాటి ఆంగ్లేయుల మోరిస్ ఆక్స్‌ఫర్డు కారును అనుసరించి, బెంగాలులోని ఉత్తరపారా కర్మాగారమున 2014 వరకు తయారైన ఈ కారునకు బల్లపరుపు తలమన్నది దాదాపు లేదనవచ్చును. బానెట్టు, మడ్‌గార్డులు, డిక్కీ అన్నియు గుండ్రనివే. అందువలన నడినెత్తి మొదలు నేల అంచు వరకు గల యాకాశమును అది ఒక్కసారిగా తనలో చూపును. అట్టి మేనికి చిన్న దీపము చాలదు, పెద్ద దీపము కావలెను. సూర్యుడు ఎంత ప్రచండుడైనను మన కంటికి ఆకాశములో అర డిగ్రీ వెడల్పు బింబమే. అతడు గ్రుంకిన పిదప సగము ఆకాశమే దీపమగును. మన ప్రాంతములలో ఆ సంజవెలుగు ఇరువది నిమిషములకు మించి నిలువదు. ఉత్తర ఐరోపా దేశములలో వేసవివేళ గంటలకొలది సాగునట్లు సాగదు. కాబట్టి కారును తుడుచుట, ట్రైపాడ్ నిలుపుట, ముందుచక్రము ముఖము కెమెరావైపు కనబడునట్లు స్టీరింగు త్రిప్పుట, ఇవన్నియు నీరెండ యుండగనే ముగింపవలెను. వెలుగు తగ్గినకొలది షట్టరు ఒకటి రెండు సెకనులు తెరచియుంచవలసి వచ్చును. అప్పుడు మీటను వ్రేలితో నొక్కక టైమరునకు విడుచుట మేలు. మఱియొక జాగ్రత్త: కెమెరా మీటరు నల్లని కారును బూడిదరంగుగను, తెల్లని కారును మాసినదానిగను చూపజూచును, నల్లదానికి ఎక్స్‌పోజరు ఒక మెట్టు తగ్గించి, తెల్లదానికి ఒక మెట్టు పెంచవలెను.

శ్రావణమేఘములు కమ్మిన పగలు సైతము కారునకు అనుకూలమైనదే. నీడలు మెత్తబడును, రంగు నిండుగా తోచును.

దీపములు లేని ఈ పద్ధతి పేదరికపు పద్ధతి యని కొందరు తలంతురు. కాని సికింద్రాబాదులో 1880లలో స్టూడియో నెలకొల్పిన రాజా దీన్‌దయాళ్ కాలమున ఛాయాగ్రాహకునకు పగటి వెలుగే దీపము. 1956లో వెలువడిన సత్యజిత్ రాయ్ ‘అపరాజితో’ చిత్రమునకై, కాశీలోని ఇంటి ముంగిట ఆకాశమునుండి దిగు మెత్తని వెలుగును స్టూడియోలో కల్పింపవలసి వచ్చినప్పుడు, దాని ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్ర పైన తెల్లని వస్త్రమును పరపించి, దీపముల వెలుగును క్రిందినుండి దానిపైకి కొట్టించెను. మనకు ఆకాశము ఊరకే లభించుచున్నది. తెల్లని దుప్పటి ప్రతి యింట నున్నది. కారు నీడవైపున ఇద్దరు ఆ దుప్పటిని చెరియొక కొన పట్టి నిలిచినచో, చీకటిలో మునిగిన తలుపుపై తెల్లని వెలుగుపట్టీ తేలివచ్చును. తెల్లని కారు అంచులు ఆకాశములో కలిసిపోవుచున్నప్పుడు నల్లని గుడ్డ పట్టించినచో, అంచు వెంబడి నల్లని రేఖ యేర్పడి ఆకారము విడివడును.

కొనదగిన పరికరము ఒక్కటే యనిన, పోలరైజర్ ఫిల్టరు. గాజునకు లంబముగా గీసిన రేఖతో సుమారు 56 డిగ్రీల కోణమున వచ్చు ప్రతిబింబమును అది దాదాపు పూర్తిగా తొలగించును. లెన్సుముందు దానిని మెల్లగా త్రిప్పుచుండగా, ముందద్దముపై ఆకాశము కరగి లోపలి సీట్లు, స్టీరింగు బయటపడుట చూడ ముచ్చటగ నుండును. క్రోమియపు బంపరుపై మాత్రము అది పనిచేయదు. లోహపు మెరుపు దానికి లొంగదు. అయినను ఉన్న ప్రతిబింబములన్నియు తుడిచివేయుట నాకు సమ్మతము కాదు. అట్టి కారు వన్నె వెలిసిన మట్టిబొమ్మవలె నుండును.

మిక్కిలి దగ్గరనుండి, నిలువెత్తునుండి తీయుట మనలో పెద్ద దురలవాటు. ఫోనులోని వెడల్పు లెన్సుతో దగ్గరకు పోయినచో హెడ్‌లైటు కుండవలె ఉబ్బి, వెనుకభాగము కుంచించుకొనిపోవును. కారంతయు చిత్రములో ఇముడునంత వెనుకకు జరిగి, 85 మొదలు 135 మిల్లీమీటర్ల లెన్సుతోనో, ఫోనులో రెండు మూడింతల జూముతోనో, మోకాలిపై కూర్చుండి హెడ్‌లైటు ఎత్తునుండి చూడుడు. కారు తన నిజమైన నిడివితో నిలుచును.

పోవుచున్న కారును తీయుటకు షట్టరువేగము సెకనులో వెయ్యవ వంతు పెట్టువారు కలరు. చక్రములు గడ్డకట్టి, కారు నడిరోడ్డున ఆగినట్లుండును. ముప్పదవ వంతో అరువదవ వంతో పెట్టి, పాదములు కదల్పక నడుమును త్రిప్పుచు కారును వెంబడించినచో, కారు నిలిచి లోకము పరుగిడును. ఫ్రాన్సు దేశపు ఛాయాగ్రాహకుడు జాక్ హెన్రీ లార్తీగ్ ఇరువదేండ్లు నిండక మునుపే ఒక పందెపు కారును ఇట్లే వెంబడించెను; కెమెరా కారంత వేగముగా తిరుగలేదు, షట్టరు చీలిక ఫలకమును దాటులోపల కారు ముందునకు జరిగెను. చక్రము కోలగా ముందునకు వ్రాలినది, ప్రేక్షకులు వెనుకకు వంగిరి. లెక్కకు అది లోపము. కాని వేగమును అంతకంటె బాగుగా చూపిన చిత్రమును నేను చూడలేదు.

అంబాసిడర్లు మన రహదారులపై అరుదైనవి. మీ యింటనో పొరుగుననో ఒక పాత కారు మిగిలియున్నచో, తుక్కు కొనువాడు రాకముందే, దానిని కడిగి, తుడిచి, ఊరిబయట చెరువుగట్టునకు తోలుకొనిపోయి, ప్రక్కభాగము పడమటికి ఎదురుగా నుండునట్లు నిలిపి తీయుడు. కార్తికమాసమున సూర్యుడు ఆరు గంటలకు ముందే గ్రుంకును; ఐదింటికే అచ్చటికి చేరుకొనుడు.