పెనుకొండ రాజ్యము – హెరాస్ చరిత్ర రచన: ఒక విమర్శనాత్మక పరిశీలన

తాడిమర్రి నుండి ధర్మవరము మీదుగా పెనుకొండకు వెళ్లు వారికి నేడు కనబడునది ఒక చిన్న పట్టణము, దాని మీద ఒక కొండకోట. 1565 జనవరిలో రాక్షసి తంగడి యుద్ధములో అళియ రామరాయలు హతుడైన తరువాత, ఆయన తమ్ముడు తిరుమలరాయలు విజయనగర రాజ్యమును ఇక్కడనే నిలబెట్టెను. ఈ రాజ్యమును గూర్చి విస్తారముగా వ్రాసినవాడు జెస్విట్ ఫాదర్ హెన్రీ హెరాస్. ఆయన గ్రంథము 'ది ఆరవీడు డైనాస్టీ ఆఫ్ విజయనగర' 1927లో వెలువడినది.

శాసనములు, తెలుగు కావ్యములు, పారశీక చరిత్రలు, జెస్విట్ల ఉత్తరములు – వీటన్నిటిని ఒకచోట చేర్చుటలో ఆయన పరిశ్రమ మెచ్చదగినది. అయితే రెండు విషయములలో ఈ గ్రంథమును జాగ్రత్తగా చదువవలెను.

మొదటిది: ఆ తరము చరిత్రకారులు 1565 యుద్ధమును హిందూ ముస్లిము మతముల పోరాటముగా చూచిరి. కాని రామరాయలు అంతకు ముందు సుల్తానులలో ఒకరితో కలిసి మరియొకరిపై యుద్ధములు చేసినవాడే. 1550లో గోల్కొండ సింహాసనమెక్కిన ఇబ్రహీం కుతుబ్ షా, అంతకు ముందు ఏడేండ్లు రామరాయల ఆశ్రయములో బ్రదికెను. ఆ ఇబ్రహీమే 1565లో ఎదుటి పక్షమున నిలిచెను. రాజ్యకాంక్షకు మతము పేరు పెట్టుట సులభము. పెనుకొండలో పార్శ్వనాథ ఆలయము, రామాలయము, షేర్‌ఖాన్ మసీదు, బాబయ్య దర్గా నేటికీ ఉన్నవి. ఇరుగుపొరుగుగా బ్రదికిన జనుల చరిత్ర కూడ వ్రాయవలసియున్నది.

రెండవది: జెస్విట్లు 1598లో చంద్రగిరిలో వెంకటపతిరాయలను దర్శించిరి, రాజు వారిని ఆదరించెను. వారి ఉత్తరములు విలువైన సాక్ష్యములే. కాని అవి పై అధికారులకు పంపిన నివేదికలు. మనము వార్షిక నివేదికలు వ్రాయునప్పుడు దేనిని పెద్దది చేయుదుమో, దేనిని విడిచిపెట్టుదుమో మనకు తెలియును. రాజు ఆదరణను సువార్త ఫలముగా లెక్కించుట పొరపాటు. ఆ మిషను నిలువలేదు. దర్బారు తలుపు తెరువబడినంత మాత్రమున పల్లె తలుపు తెరువబడదు.

వేదగ్రంథ చరిత్రకారుని కొలత వేరు. ఒమ్రీ ఎంత ప్రబలుడనగా అష్షూరు శాసనములు ఇశ్రాయేలును అతని పేరుతోనే పిలిచెను. అయినను 1 రాజులు 16వ అధ్యాయములో అతనికి ఆరు వచనములే దక్కెను. రెండవ యరొబాము విస్తరించిన సరిహద్దులు 2 రాజులు 14లో ఉన్నవి. అతని కాలపు బీదల మొఱ ఆమోసు గ్రంథములో ఉన్నది. రెండును కలిపి చదివినప్పుడే ఆ కాలము మనకు అర్థమగును.

హెరాస్ మనకు పెనుకొండ రాజులను ఇచ్చెను. కోట రాళ్లు మోసినవారు, సైన్యములకు పన్నులు కట్టిన రైతులు ఆ పుటలలో అంతగా కనబడరు. మన సంఘములలో అనేకులు అట్టివారి సంతతివారే. వారి చరిత్రను వెదకుట మన వేదాంత కళాశాలల బాధ్యత. హెరాస్‌ను కృతజ్ఞతతో చదువుదము; కాని ఆమోసును ప్రక్కన ఉంచుకొని చదువుదము.