పాత స్కాన్ పారేయకండి

ఊపిరితిత్తుల సీటీలో చిన్న మచ్చ కనబడుతుంది. కొత్తగా వచ్చిందా, ఎప్పటి నుంచో ఉన్నదా? అది తెలిస్తే రిపోర్టు సగం తేలినట్టే. గట్టి మచ్చ రెండేళ్లపాటు పెరగకుండా ఉంటే, చాలావరకు అది కేన్సర్ కాదు. కానీ ఆ మాట ధైర్యంగా రాయాలంటే పాత స్కాన్ నా ముందుండాలి. లేకపోతే కొన్ని నెలలాగి మళ్లీ తీయించమంటాను. అన్నాళ్లూ ఆ ఇంట్లో ఎవరికీ కంటి మీద కునుకుండదు.

రేడియాలజిస్టుగా నాకు అర్థమైందిది: మా పనిలో చూడటం కన్నా పోల్చడమే ఎక్కువ. దేనితో పోలుస్తున్నామో అది సరిగ్గా లేకపోతే ఎంత అనుభవమున్న కన్నయినా తప్పుతుంది.

గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ పరిశోధన ఈ సంగతినే రుజువు చేసింది. మెదడు ఎంఆర్ఐని కొలిచే సాఫ్ట్‌వేర్లు ఎంతోకాలంగా కెనడాలోని మాంట్రియల్‌లో తయారైన నమూనాను ప్రమాణంగా వాడుతున్నాయి. అది పాశ్చాత్యుల మెదళ్ల సగటు. ప్రొఫెసర్ జయంతి శివస్వామి బృందం తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థతో కలిసి, ఆరోగ్యంగా ఉన్న 100 మంది భారతీయ యువతీయువకుల ఎంఆర్ఐలతో 2019లో మన మెదడు అట్లాస్ తెచ్చింది. పాశ్చాత్యులతో పోలిస్తే సగటున మన మెదడు ఎత్తు, వెడల్పు, పరిమాణం తక్కువని తేలింది. దీన్నిబట్టి తెలివితేటలను అంచనా వేయలేం, రోగ నిర్ధారణకు మాత్రం దీనితో చాలా సంబంధం ఉంది. అల్జీమర్స్‌లో మెదడు కుంచించుకుపోతుంది. పరాయి కొలతతో చూస్తే, సహజంగానే చిన్నదైన మెదడు కూడా జబ్బుతో కుంచించుకుపోయినట్టు కనిపించవచ్చు.

అయితే ఎంత మంచి అట్లాసైనా చెప్పేది సగటే. మీ ఒంట్లో ఏం మారిందో చెప్పగలిగేది మీ పాత స్కానే. మన ఐటీ కారిడార్లో దాన్నే పోగొట్టుకుంటున్నాం. ఉద్యోగం మారితే ఇన్సూరెన్సు మారుతుంది, దాని వెంట ఆసుపత్రీ మారుతుంది. ఫైల్లో రిపోర్టు కాగితమే మిగులుతుంది. అందులో ‘5 మిల్లీమీటర్లు’ అని ఉన్నా, ఏ చోట, ఏ కోణంలో కొలిచారో బొమ్మలు చూస్తేనే తెలుస్తుంది.

అందుకే సీడీ అడిగి తీసుకోండి. లింకు ఇస్తే గడువులోగా డౌన్‌లోడ్ చేసుకోండి. డాక్టర్లకూ ఒక విన్నపం: చీటీ మీద ‘సీటీ చెస్ట్’ అని వదిలేయకుండా అనుమానమేమిటో, ఇంతకుముందు ఏం తీశారో రాయండి. స్కాన్ సెంటర్ల వాళ్లు కౌంటర్ దగ్గర బిల్లు కన్నా ముందు పాత స్కాన్ అడగాలి. దీనికి కొత్త మిషన్ అక్కర్లేదు, రేపటి నుంచే మొదలుపెట్టొచ్చు.