జాగింగ్ బూట్లకు ఎంత పెట్టాలి?

డాక్టరు షుగరు బోర్డర్‌లో ఉందన్నాడంటే చాలు, మర్నాటికల్లా ఇంట్లో పన్నెండు వేల బూట్లు దిగుతాయి. పరుగు మాత్రం వచ్చే సోమవారానికి వాయిదా పడుతుంది. రెండో రకం వాళ్లు అటక మీంచి కొడుకు కాలేజీ రోజుల బూట్లు దింపుతారు. పార్కులో రెండు రౌండ్లు పూర్తవకముందే సోలు నోరు తెరుస్తుంది. ఏళ్ల తరబడి మూలన పడి ఉన్న జతలో జిగురు చచ్చిపోతుంది మరి.

బూట్లకు డబ్బు దండగనే ఈ రెండో రకం వాళ్ల నోట్లో నానే ఉదాహరణ అబెబె బికిలా. 1960 రోమ్ ఒలింపిక్స్ మారథాన్‌లో ఆ ఇథియోపియా సైనికుడు ఉత్త కాళ్లతో పరిగెత్తి బంగారు పతకం కొట్టాడు. నిజమే. అప్పుడు దొరికిన బూట్లు పాదానికి సరిపడక వదిలేశాడంటారు. నాలుగేళ్ల తర్వాత టోక్యోలో అదే బికిలా బూట్లేసుకుని 2 గంటల 12 నిమిషాల్లో ముగించి, ప్రపంచ రికార్డుతో మళ్లీ గెలిచాడు. ఈ రెండో సగం ఎవరూ చెప్పరు. పైగా ఆయన చిన్నప్పటి నుంచీ ఉత్త కాళ్లతో తిరిగిన మనిషి. ఇరవై ఏళ్లు కుర్చీలో గడిపిన మన పాదాలకు ఆ పోలికేమిటి?

పరుగులో ప్రతి అడుగుకూ మన బరువుకు రెండు మూడింతలు నేల నుంచి తిరిగొస్తుంది. ఒక్క కిలోమీటరులోనే అలాంటి అడుగులు వెయ్యి దాకా పడతాయి. కాబట్టి పరుగు కోసం చేసిన బూట్లు కావాలి, అందులో సందేహం లేదు. ఖరీదు దగ్గరే పేచీ. 'ఇది మోకాళ్లకు మంచిది సార్' అంటూ కొట్లో కుర్రాడు పై అర నుంచి తీసే జతకు, గాయాలు తగ్గడానికి గట్టి రుజువు లేదు. 2022లో వచ్చిన కాక్రేన్ సమీక్ష 11 వేల మందికి పైగా పాల్గొన్న ప్రయోగాలను కలిపి చూసింది. ఫలానా రకం బూటు వేస్తే దెబ్బలు తగ్గుతాయని తేల్చలేకపోయింది. కొత్తవాళ్ల పిక్కలు, మోకాళ్లు పట్టేసేది ఎక్కువగా మొదటి వారంలోనే అయిదు కిలోమీటర్లు లాగించబట్టి.

ధర కన్నా కొలత ముఖ్యం. సాయంత్రం పూట వెళ్లండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. పరుగుకు వాడే మేజోళ్లే వేసుకోండి. లోపలి అట్ట బయటికి లాగి దాని మీద నిలబడండి: వేళ్లు అంచు దాటి బయటికి వచ్చాయా, ఆ జత పక్కన పెట్టేయండి. పొడవైన వేలి ముందు బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి, లేదంటే నెల తిరక్కుండా గోరు నల్లబడుతుంది. మడమ జారకూడదు. మన దేశంలోనే ఉత్త కాళ్లతో నడిచేవాళ్ల పాదాలు ముందు భాగంలో వెడల్పుగా ఉంటాయని 2009లో ఒక అధ్యయనం తేల్చింది. చెప్పులకు అలవాటైన పాదానికి ఇరుకు బూటు ఎంత పేరున్న కంపెనీదైనా శిక్షే.

షుగరు ఉన్నవాళ్లకు ఒక మాట. గడ్డి మీద ఉత్త కాళ్లతో నడిస్తే మంచిదని ఎవరు చెప్పినా వినకండి. పాదంలో స్పర్శ తగ్గితే బొబ్బ లేచినా తెలియదు, అది పుండయ్యాక తెలుస్తుంది. బూటు వేసుకునే ముందు లోపల చెయ్యి పెట్టి చూడండి, విప్పాక పాదం చూసుకోండి.

నా లెక్కలో మొదటి జతకు మూడు నాలుగు వేలు దాటనక్కర్లేదు. మొదటి వారాల్లో ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక చాలు. మూడు నెలలు మానకుండా పరిగెత్తారా, అప్పుడు ఆ పన్నెండు వేల జత సంగతి చూద్దాం.