ఆచారానికి రుజువు ఎవరు తేవాలి?

పౌరులందరికీ ఒకే చట్టం ఉండాలా, ఎవరి మతం చట్టం వారికి ఉండవచ్చా అన్న వాదన 1985 షాబానో తీర్పు నాటి నుంచీ తెగడం లేదు. 2017లో ముమ్మారు తలాక్ తీర్పు వచ్చినప్పుడూ, 2023లో లా కమిషన్ ఉమ్మడి పౌరస్మృతి మీద అభిప్రాయాలు అడిగినప్పుడూ మళ్లీ వ్యాసాలు వెల్లువెత్తాయి. నేను చదివినవాటిలో ఎక్కువ భాగం హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు అని లెక్కపెట్టి ఆగిపోయాయి. మన పేరు వస్తే గిస్తే చివరి పేరాలో, గిరిజనుల ఆచారాలకు భంగం కలగరాదు అన్న ఒక్క వాక్యంలో వస్తుంది. రాసినవారిది మంచి మనసే. ఆ ఆచారాలేమిటో, వాటివల్ల ఎవరికి మేలో ఎవరికి కీడో మాత్రం వారు అడగరు.

1955 హిందూ వివాహ చట్టం, 1956 హిందూ వారసత్వ చట్టం రెండూ తమ రెండో సెక్షన్‌లో ఒకే మాట చెబుతాయి. కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప ఇవి షెడ్యూల్డు తెగలకు వర్తించవు. బాపట్ల ఎరుకలవారు గుడికి వెళ్లినా, రేపల్లె యానాదులు శ్రీరామనవమి చేసుకున్నా ఆ రెండో సెక్షన్ మారదు. చర్చిలో పెళ్లయితే 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం. కులపెద్దల ముందు పెళ్లయితే ఆచారం. ఒకే ఇంట్లో అన్నకు ఒకటి, తమ్ముడికి ఒకటి. ఇందులో తప్పేమీ లేదు. చిక్కల్లా ఆచారం ఎక్కడా రాసి లేకపోవడమే.

రాసినది అసలు లేదని కాదు. రాసింది మనం కాదు. ఎరుకల, కొరవల మీద 1905లో పుస్తకం తెచ్చిన పాపారావు నాయుడు పోలీసు అధికారి. థర్‌స్టన్ 1909 సంపుటాల్లో మేనరికం హక్కుకు ధర కూడా ఉంది. పెళ్లికూతురి ఓలి ఇరవై వరహాలైతే, మొదటి ఇద్దరు మేనకోడళ్ల మీద మేనమామ హక్కు విలువ అందులో ఎనిమిది. ఆ తర్వాత కొద్ది ఏళ్లకే బాపట్ల, చీరాల మధ్య స్టూవర్టుపురం సెటిల్‌మెంటు వెలిసింది. చట్టం సర్కారుది, నడిపింది సాల్వేషన్ ఆర్మీ అనే మత సంస్థ. హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే అనుమతి చీటీ ఉండాలి. నేరస్త తెగల చట్టం మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతటా 1952లో పోయింది. మతం, చట్టం చేయి కలిపితే ఎలా ఉంటుందో మన ముసలివాళ్లకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు.

ఆచారం రాసి లేకపోతే నష్టపోయేది ఎవరో 2001లో సుప్రీంకోర్టుకు వెళ్లిన ఒక ఒరావ్ మహిళ కేసు చెబుతుంది. భర్త రెండో పెళ్లి చేసుకున్నాడని ఆమె ఫిర్యాదు. హిందూ వివాహ చట్టం మీకు వర్తించదు, రెండో పెళ్లి చెల్లదనే ఆచారం మీలో ఉందని నువ్వు రుజువు చేయలేదు అని కోర్టు కొట్టేసింది. భర్త ఏమీ రుజువు చేయనక్కర్లేకపోయింది.

2025 జూలైలో ఒక గోండు కుటుంబం ఆస్తి కేసులో అదే కోర్టు ప్రశ్నను తిరగేసింది. ఆడవారికి వాటా ఇచ్చే ఆచారం చూపించమని కింది కోర్టులు అడిగాయి. ఇవ్వకూడదనే ఆచారం ఎక్కడుందో ఎవరూ చూపలేదు కదా అంది సుప్రీంకోర్టు, ఆమె వారసులకు సమాన వాటా ఇచ్చింది. మన యువత చదవాల్సిన తీర్పు ఇది. అయితే అదే ఏడాది అక్టోబరులో హిమాచల్ కేసులో, కేంద్రం ప్రకటించనిదే హిందూ వారసత్వ చట్టం తెగలకు వర్తించదని మళ్లీ చెప్పింది. అంటే పార్లమెంటు కదిలే దాకా ఒక్కో కూతురూ ఒక్కో కేసు వేసుకోవాలి.

ఉత్తరాఖండ్ 2024లో ఉమ్మడి పౌరస్మృతి తెచ్చి తెగలను మినహాయించింది. మనవాళ్లు కొందరు దాన్ని విజయంగా చెప్పుకున్నారు. బయటినుంచి రుద్దే చట్టాన్ని నేనూ ఒప్పుకోను. కానీ మినహాయింపు వల్ల మగవాడికి దక్కిందేమిటి, ఆడమనిషికి దక్కిందేమిటి అని విడిగా అడగాలి. అడవి ప్రాంతాల్లో ఆచారాలను కాపాడేందుకు 1996 పెసా చట్టం, గ్రామసభ ఉన్నాయి. తెనాలి, బాపట్ల, రేపల్లె షెడ్యూల్డు ప్రాంతాలు కావు. ఇక్కడ ఆచారమంటే ఆ పూట కూర్చున్న పెద్దమనుషుల మాట.

ఆ పెద్దమనుషులతోనూ నాకు పేచీ ఉంది. ఓలి పోయి కట్నం వచ్చినప్పుడు ఆచారం చెడిందని ఎవరూ పంచాయితీ పెట్టలేదు. కూతురు ఇంటిస్థలంలో భాగం అడిగితే మాత్రం అది మన ఆచారం కాదమ్మా అంటారు. మరోవైపు విడిపోయిన ఆడపిల్లకు, విధవకు మారుమనువు మనలో ఎప్పటినుంచో ఉంది. హిందూ చట్టం దేశమంతటా విడాకులిచ్చింది 1955లో. మెచ్చుకోవాల్సిన ఆచారాన్ని చెప్పుకోకుండా, దాచాల్సినదాన్ని ఆచారమని సమర్థించడం మన ఉపన్యాసాల్లో మామూలైపోయింది.

ఇప్పటికిప్పుడు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. 2002 రాష్ట్ర చట్టం ప్రకారం ఏ మతం వారైనా, ఏ తెగవారైనా పెళ్లి నమోదు చేయించాలి. నమోదు కాగితం ఉంటే పెళ్లి జరిగిందా లేదా అన్న వాదన కోర్టులో ఎక్కువసేపు నిలవదు. భార్య, పిల్లలు, తల్లిదండ్రులు మనోవర్తి అడిగే హక్కు (ఇప్పటి నాగరిక్ సురక్షా సంహితలో 144వ సెక్షన్) మతంతో, తెగతో పని లేకుండా అందరిదీ. ఇక ఆచారాలను రాయడం మన టీచర్ల పని. పెళ్లి, మారుమనువు, తప్పు కట్టడం, ఆస్తి పంపకం, ఏ పేటలో ఎలా జరుగుతుందో తేదీలతో రాయాలి. పెద్దమనుషులు చెప్పింది ఒక పేజీలో, అదే విషయం ఆడవాళ్లు చెప్పింది ఎదురు పేజీలో ఉండాలి. రెండూ కలవని చోట కలిసినట్టు దిద్దకూడదు.