చేతులు కడిగాకే తొట్టి దగ్గరికి

ప్రత్తిపాడు చుట్టూ పత్తికీ మిరపకీ మందు కొట్టే రోజుల్లో, ఇంట్లో గాజుతొట్టిలో చెర్రీ రొయ్యల్ని బతికించేవాళ్లను చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. అంగుళం పొడుగు ఎర్రటి ప్రాణం అది. పురుగుమందు అంటిన వేలు ఒక్కసారి ముంచినా తెల్లారేసరికి అన్నీ ఒరిగిపోవచ్చు. తెగుళ్లకు కొట్టే రాగి మందూ దానికి విషమే. అందుకే మోచేతులదాకా కడుక్కుని, సబ్బు జిడ్డు పోయేదాకా మళ్లీ కడుక్కునిగానీ తొట్టి ముట్టరు. కొత్త రొయ్యల్ని తెస్తే, సన్నగొట్టానికి ముడివేసి తొట్టి నీళ్లను గంటా రెండు గంటలు చుక్కచుక్కగా వదులుతూ వాటిని అలవాటు చేస్తారు. ఎంత ఓపిక! రొయ్యపిల్లలు కొట్టుకుపోకుండా ఫిల్టర్ మూతికి స్పాంజి తొడుగుతారు. గప్పీ చేపల నోట పడకుండా నాచు గుబురుగా పెంచుతారు. రొయ్య విడిచిన డొల్లను తీసెయ్యరు, సున్నం కోసం మళ్లీ అదే తింటుంది. మే ఎండల్లో నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పి 2, 3 డిగ్రీలు తగ్గిస్తారు. ఆవిరైనంత మేర ఉప్పు తక్కువున్న ప్లాంటు నీళ్లే పోస్తారు. కడుపు కింద గుడ్లకు కాళ్లతో నీళ్లు విసురుతూ తల్లి రొయ్య వాటిని దాదాపు నెల మోస్తుంది. ఆ తర్వాత నాచులో నూలుపోగంత పిల్లలు పాకుతుంటే, ఆ ఇంటివాళ్ల చేతులు శుభ్రంగా ఉన్నట్టే.